అమ్మ బీరువా మీద ఊళ్లు

మా అమ్మ బీరువా తలుపు మీద ఇప్పుడు ముప్పై ఒక్క ఊళ్లున్నాయి. ఫ్రిజ్‌కి అంటించుకునే అయస్కాంతాలవి. మా ఫ్రిజ్ తలుపు అద్దంలా మెరిసే రకం కావడంతో దానికి అంటుకోలేదు. అందుకని ఆ భాగ్యం అమ్మ పెళ్లినాటి ఇనప బీరువాకు దక్కింది. నాసో, కోజుమెల్, ఫిలిప్స్‌బర్గ్, ఫాల్మత్... అన్నీ కరీబియన్ వైపు రేవులే. ఎవరైనా ఇంటికొస్తే చాలు, మంచినీళ్లు కూడా ఇవ్వకుండా బీరువా దగ్గరికి తీసుకెళ్లిపోతుంది. "ఇయన్నీ మావోడు తిరిగిన ఊళ్లే" అంటుంది.

వాటిలో తొమ్మిదో పదో ఊళ్లలో నేను అసలు కాలే పెట్టలేదు. ఆ సంగతి అమ్మకి ఇంతవరకూ చెప్పలేదు.

నేను క్రూయిజ్ ఓడలో కేబిన్ స్టివార్డ్‌ని. పద్దెనిమిది గదులు నావి. పొద్దున పక్కలు సర్దడం, బాత్రూములు కడగడం, సాయంత్రం మళ్లీ వెళ్లి తువ్వాలుతో ఏనుగునో కోతినో మడిచి మంచం మీద పెట్టడం. కాంట్రాక్టు ఏడెనిమిది నెలలు, ఆదివారం సెలవన్న మాటే లేదు. మయామీలో బయల్దేరి కరీబియన్ చుట్టి వారానికి మళ్లీ మయామీ. ఓడ పొద్దున్నే రేవు పట్టినా నా గదులు పూర్తయ్యేసరికి పన్నెండున్నర దాటుతుంది. అన్నం తిని, బట్టలు మార్చుకుని, దిగితే రెండు గంటలు చేతిలో ఉంటాయి. అదీ ఐపీఎం పడకపోతే. ఐపీఎం అంటే ఇన్ పోర్ట్ మ్యానింగ్. రేవులో ఉండగా నిప్పంటుకున్నా, ఇంకేదైనా జరిగినా ప్రయాణికుల్ని చూసుకోవడానికి సిబ్బందిలో ఒక వాటా వంతులవారీగా ఓడలోనే ఉండిపోవాలి. వంతు పడిన రోజు ఊరు కిటికీలోంచి కనిపిస్తుంది, అంతే. నేను పడుకునే గదికైతే ఆ కిటికీ కూడా లేదు, నీటిమట్టం కింద ఉంటుంది.

అలాంటి రోజున దిగే వాళ్ల చేతికి అయిదు డాలర్లిచ్చి "నాకో మ్యాగ్నెట్ పట్రా" అంటాం. అందరం అందరికీ తెచ్చి పెడతాం. అలా చేరినవే అమ్మ బీరువా మీది ఆ తొమ్మిదీ పదీ.

ప్రయాణికుల కొనుగోళ్ల తీరు వేరు. ఎక్కిన మొదటి రోజే వాళ్లకి షాపింగ్ ఉపన్యాసం ఉంటుంది, చేతికో మ్యాపు ఇస్తారు. రేవు దిగాక ఏ నగల కొట్టుకు వెళ్లాలో గుర్తులు పెట్టి ఉంటాయి. ఆ గుర్తులు ఊరికే పడవు, ప్రచారానికి డబ్బు కట్టిన కొట్లకే పడతాయి. మ్యాపు అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంటుంది కూడా. చదివిన వాళ్లని నేను చూడలేదు. "మంచి కొట్టేదో నువ్వు చెప్పవయ్యా" అని నన్నడిగేవాళ్లుంటారు. మేం చెప్పకూడదు. "మ్యాపు చూడండి సార్" అనేస్తాను.

మాకు మ్యాపు అక్కర్లేదు. మెక్సికో దీవి కోజుమెల్‌లో దిగామంటే సిబ్బంది అంతా ఎండలో నడుచుకుంటూ ఊళ్లోని పెద్ద సూపర్ మార్కెట్‌కే పోతారు. షాంపూ, నూడుల్స్, కారం సాసు అక్కడే. రేవు గేటు పక్క కొట్లలో లీటరు సీసాల్లో అమ్మే వెనిల్లా జోలికి పోవద్దని నాకు చెప్పింది మా ఓడ వంటగదిలో పనిచేసే మెక్సికో వంటవాడు. వెనిల్లా పుట్టిల్లు మెక్సికోనే గానీ, అంత చవగ్గా వచ్చేదాంట్లో టోంకా గింజల రసం కలిపి ఉండొచ్చట. వాసన అచ్చం అదే. ఆ గింజల్లో ఉండే కౌమరిన్‌ని తిండిలో వాడకూడదని అమెరికా 1954లోనే నిషేధించింది. నా గదుల్లో ఒక పెద్దావిడ అలాంటివి ఆరు సీసాలు కొని, మనవలకి కేకులు చేస్తానని మురిసిపోతూ చూపించింది. ఏం చెప్పను? "వెరీ నైస్ మేడమ్" అన్నాను. ఇప్పటికీ అది గుర్తొస్తే మనసు పీకుతుంది.

నవ్వొచ్చే సంగతి ఒకటి చెప్తాను. ఒక గదిలో మురుగు కంపని ఫిర్యాదు వచ్చింది. బాత్రూము తూము కడిగాను, మర్నాడు ప్లంబరొచ్చి పైపు విప్పి చూశాడు, ఏమీ లేదు. మూడో రోజుకి వరండా దాకా కంపు. చివరికి అలమరలో, బూట్ల పెట్టె అడుగున, టీ షర్టులో చుట్టి దొరికింది పెద్ద శంఖం. లోపల గులాబీ రంగు, ఇంకా లోపల జీవి తాలూకు మిగిలిన ముక్క. బీచిలో ఎవరో అమ్మితే ఆ అబ్బాయి తల్లిదండ్రులకు చెప్పకుండా కొని దాచాడు. ఈ జాతి శంఖాల అంతర్జాతీయ వ్యాపారం మీద 1992 నుంచీ ఆంక్షలున్నాయి కూడా. పిల్లాడు ఏడ్చాడు. వాళ్ల నాన్న నాకేసి చూసి, అది నా తప్పన్నట్టు, "ఇప్పుడు దీన్నేం చేస్తావు?" అన్నాడు.

మయామీ చేరిన పొద్దున గదుల్లో మిగిలేవి చూడాలి. పెట్టెలో పట్టని గడ్డి టోపీలు, గలగలలాడే మరాకా గిలక్కాయలు, సగం వాడిన సాసు సీసాలు. ఊరికే తీసుకోవడానికి లేదు, ముందు లాస్ట్ అండ్ ఫౌండ్‌కి చేర్చాలి. ప్రయాణికులు కావాలని ఇస్తే చీటీ రాసి సంతకం పెట్టాలి, లేకపోతే ఓడ దిగేటప్పుడు సెక్యూరిటీ వాళ్లు ఆపేస్తారు. నాకలా సంతకంతో సహా ఒక మెక్సికో టోపీ వచ్చింది. బండి చక్రమంత ఉంది. నా పెట్టెలోనూ పట్టలేదు. ఇండోనేషియా మిత్రుడికిచ్చాను, అతను ఫిలిప్పీన్స్ అతనికిచ్చాడు. చీటీతో సహా అది ఇంకా ఓడలోనే తిరుగుతూ ఉండొచ్చు.

ఫిలిప్స్‌బర్గ్ అంటే సింట్ మార్టెన్ దీవిలో డచ్చి వాళ్ల వైపు ఊరు. అక్కడ ఫ్రంట్ స్ట్రీట్‌లో నగల కొట్లు చాలావరకు సింధీ వాళ్లవే. ఉల్లాస్‌నగర్ నుంచి వచ్చిన కుర్రాడొకడు అక్కడ సేల్స్‌మన్, నాతో హిందీలో కబుర్లు చెప్పేవాడు. గాజుపెట్టె నిండా టాంజనైట్. కరీబియన్‌కు వెళ్తే తప్పక కొనాల్సిందంటూ అమెరికన్లు కొనే ఈ నీలం రాయి దొరికేది ఒక్క టాంజానియాలోనే, కిలిమంజారో దగ్గర, 1967లో బయటపడింది. ఎక్కువభాగం సానబట్టేది మన జైపూర్‌లో. అంతా చెప్పి ఆ కుర్రాడు, "రాయిదీ కరీబియన్ కాదు, నాదీ కాదు, నీదీ కాదు, కొనేవాళ్లదీ కాదు భయ్యా" అని పడిపడి నవ్వాడు. సిబ్బంది డిస్కౌంటు పోను నలభై అయిదు డాలర్లకి మా బావకో వాచీ ఇచ్చాడు. ఇప్పటికీ ఆడుతోంది.

ఇక నాసో, బహామాస్ రాజధాని. అక్కడి బే స్ట్రీట్‌లో స్ట్రా మార్కెట్ ఉంది. పాతది 2001లో కాలిపోతే ఇప్పుడున్న భవనం 2011లో తెరిచారు. ఇరుకు సందులు, రెండు వైపులా తాటాకు బుట్టలు, సంచులు, టోపీలు, ఆడవాళ్లు "స్వీటీ, ఇలా రా" అని పిలుపులు. అమ్మకో సంచి కొన్నాను. నలభై చెప్పింది, ఇరవై రెండుకి తెగింది. ఊదా రంగు నారతో బహామాస్ అని కుట్టి ఉంది. కేబిన్‌కొచ్చి తిరగేసి చూస్తే లోపలి కుట్టు దగ్గర లేబుల్ కత్తిరించిన ఆనవాలు. ఫ్యాక్టరీ సంచి మీద ఇక్కడ ఊరి పేరు మాత్రం కుట్టారన్నమాట. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, "తాటాకు సంచి కోసం అంత దూరం ఎల్లాలేటిరా? మన సంతలో దొరకవా?" అంది. కరివేపాకు, ఉల్లిపాయలూ ఇప్పుడు అందులోనే.

అదే మార్కెట్‌లో మూలన ఒక ముసలావిడ మాత్రం కూర్చుని నిజంగానే అల్లేది. చూపు ఎటో ఉండేది, వేళ్లు మాత్రం ఆగేవి కావు. మా మేనమామ గుర్తొచ్చేవాడు. మాది లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక పక్క ఊరు. మామ అంకుడు కర్ర తరిమెన మీద పెట్టి, తిరుగుతున్న కర్రకు లక్క పట్టించే తీరూ ఇంతే, మాట్లాడేది మనతో, పని దాని పాటికది నడుస్తుంది. మా బొమ్మలకి 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి సరుకేనని చెప్పే గుర్తింపు, వచ్చింది. అప్పట్నుంచీ ఎవరైనా బేరమాడితే మామ "గుర్తింపున్న బొమ్మండీ ఇది" అంటాడు. వాళ్లు అయినా ఆడతారు. నేనూ ఆవిడ దగ్గర చిన్న బుట్టకి బేరమాడాను, సిగ్గేం పడలేదు. నా జీతం నాకు తెలుసు.

రెండో కాంట్రాక్టుకు వెళ్లేటప్పుడు మామ చేసిన లక్క బొంగరాలు నాలుగు పట్టుకెళ్లాను. ఒకటి ఆవిడకిచ్చాను. బల్ల మీద తిప్పి చూసింది, ఆగేదాకా మాట్లాడలేదు. "చేత్తో చేసిందే" అంది, నన్నడగలేదు.

తర్వాతి వారం ఐపీఎం. ఆ పై వారం వెళ్తే ఆవిడ లేదు, కూతురు కూర్చుంది. బుట్టల మధ్య, ముందు వరసలో, మామ బొంగరం. దారంతో కట్టిన అట్టముక్క మీద పన్నెండు డాలర్లు, కింద బహామాస్ అని రాసి ఉంది.

చేతిలోకి తీసుకుని చూశాను. ఎరుపు, పసుపు, కింద మేకు దగ్గర మామ ఎప్పుడూ వదిలే సన్నటి నల్లగీత.

"ఓడ క్రూనా?" అంది ఆ అమ్మాయి నా చెప్పులు చూసి. "అయితే నీకు పదికిస్తా."