చివరి సముద్రపు రోజుల్లో సెక్స్టాంట్ సాధన: హోనొలులు నుంచి లాస్ ఏంజెలిస్ వరకు

ఆఖరి రేవు హోనొలులు వెనకబడిన తరువాత లాస్ ఏంజెలిస్ వచ్చేవరకు దాదాపు 2,200 నాటికల్ మైళ్ల దూరం నీరు తప్ప మరేమీ ఉండదు. చూడవలసిన ఊళ్లన్నీ అయిపోయాయి కనుక ఈ ఐదు రోజులను చాలామంది ప్రయాణికులు సామాను సర్దుకునే వ్యవధిగానే చూస్తారు. సూర్యుని ఎత్తును కొలిచి ఓడ ఉన్న చోటును స్వయంగా లెక్కగట్టే అభ్యాసం ఉన్నవారికి మాత్రం మొత్తం యాత్రలో ఇంతకన్నా అనువైన రోజులు దొరకవని నా అభిప్రాయం. మధ్యలో రేవులు అడ్డురావు, ఓడ ఇంచుమించు ఒకే వేగంతో సాగుతుంది, దిక్కు చాలా నెమ్మదిగా మారుతుంది. కాబట్టి నిన్నటి కొలతకు దూరాన్నీ దిక్కునూ కలిపితే ఈరోజు ఎక్కడ ఉండాలో ముందే తెలుస్తుంది. ఈరోజు కొలత ఆ అంచనాను పరీక్షిస్తుంది, ఆ అంచనా ఈరోజు కొలతను పరీక్షిస్తుంది. పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు రోజు దాటిన వారంలో, మార్చి చివర సాగిన ఆ ప్రయాణపు నమోదు ఇది.

హోనొలులు దాటిన మర్నాడు

సెక్స్టాంట్ అంటే దిగంతం నుంచి సూర్యుని ఎత్తును కోణంగా కొలిచే పరికరం. నా దగ్గర ఉన్నది ప్లాస్టిక్‌ది. లోహపు పరికరంతో పోలిస్తే తేలిక, కానీ ఎండకు వేడెక్కితే సూచిక దోషం, అంటే సున్నా దగ్గరే పరికరం చూపే తేడా, మారిపోతుంది. అందుకే దాన్ని గదిలోని చల్లదనం నుంచి తీసుకువచ్చి డెక్ మీద నీడలో పావుగంట ఉంచిన తరువాతే పని మొదలుపెడతాను. కోణాన్ని సున్నా దగ్గర పెట్టి దిగంతాన్ని చూసి, అసలు గీత, అద్దంలోని గీత ఒకటిగా కలిసేవరకు మర తిప్పి, ఎంత తేడా ఉన్నదో రాసుకుంటాను. ఈ పరీక్ష కొలతలకు ముందూ చేయాలి, తరువాతా చేయాలి. రెండింటికీ పొంతన లేకపోతే ఆ పూట కొలతలను నేను లెక్కలోకి తీసుకోను. సూర్యుని వైపు చూసేముందు ముదురు రంగు అద్దాలు అడ్డం పెట్టడం కంటికి సంబంధించిన విషయం కనుక దానిలో మినహాయింపు లేదు.

నిలబడే చోటును ఎంచుకోవడం సగం పని. ఓడ ఈశాన్యంగా వెళుతున్నది, మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణాన ఉంటాడు కాబట్టి కుడి పక్కనున్న నడక డెక్, అందులోనూ ఓడ నడుమ భాగం, అన్నిటికన్నా అనుకూలం. అక్కడ ఊపు తక్కువ, ఎదురుగాలికి కొంత చాటు దొరుకుతుంది. పైఅంతస్తు డెక్ నుంచి దృశ్యం విశాలంగా ఉన్నా, కంటి ఎత్తు పెరిగేకొద్దీ దిగంతం దూరమై మసకబారుతుంది. నీటి మట్టం నుంచి నడక డెక్ ఎత్తు ఎంతో ఓడ సిబ్బందిని అడిగితే చెప్పారు. కంటి ఎత్తు కూడా కలిపి 16 మీటర్లుగా తీసుకున్నాను. ఎత్తు వల్ల దిగంతం కిందికి జారే కోణం, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గమూలాన్ని 1.76తో గుణిస్తే వస్తుంది. 16 మీటర్లకు అది 7 కళలు. కళ అంటే డిగ్రీలో 60వ వంతు, అక్షాంశంలో ఒక కళ ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. డెక్ ఎత్తు ఒక మీటరు అటూ ఇటూ అయినా ఫలితం పావు కళ కూడా మారదు కనుక ఈ ఒక్క సంఖ్య గురించి ఆందోళన అవసరం లేదు.

నడి దారిలో

గడియారాల సంగతి ఇక్కడే చెప్పాలి. హోనొలులు సమయం ప్రపంచ ప్రామాణిక సమయానికి 10 గంటలు వెనక, మార్చి చివర లాస్ ఏంజెలిస్ 7 గంటలు వెనక. ఈ మూడు గంటల తేడాను ఓడవారు మూడు రాత్రులకు పంచి, రాత్రికొక గంట చొప్పున గడియారాలను ముందుకు జరుపుతారు. నా చేతి గడియారాన్ని మాత్రం ప్రామాణిక సమయం నుంచి కదిలించను. అది రోజుకు ఎన్ని సెకన్లు ముందుకు పోతుందో ప్రయాణానికి ముందే గమనించి పుస్తకం మొదటి పుటలో రాసి పెట్టుకున్నాను. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు కదులుతాడు కాబట్టి 4 సెకన్ల తప్పు రేఖాంశంలో ఒక కళ తప్పవుతుంది. 1761లో జమైకాకు బయలుదేరిన ఓడలో జాన్ హారిసన్ తయారుచేసిన గడియారం దాదాపు మూడు నెలల ప్రయాణంలో కొద్ది సెకన్లు మాత్రమే తప్పిందంటే ఆ పనితనం ఎంతటిదో సెక్స్టాంట్ పట్టుకున్న తరువాతనే నాకు పూర్తిగా అర్థమైంది.

సమయం రాసేందుకు పక్కన ఎవరూ లేనప్పుడు ఫోనులో ధ్వనిముద్రణ మొదలుపెట్టి, గడియారం చూస్తూ ఒక నిమిషం ఆరంభాన్ని గట్టిగా పలుకుతాను. తరువాత సూర్యబింబం దిగంతాన్ని తాకిన ప్రతిసారీ ‘ఇప్పుడు’ అంటాను. గదికి వచ్చాక విని సెకన్లు లెక్కించుకుంటే సరిపోతుంది. ఇది చిన్న ఉపాయమే అయినా కంటిని దుర్భిణి నుంచి తీయనవసరం లేకపోవడం వల్ల నా కొలతల నాణ్యత స్పష్టంగా పెరిగింది.

పటాలు, పట్టికలు అన్నీ కాగితం మీద తెచ్చుకున్నాను. ఏ క్షణాన సూర్యుడు భూమి మీద ఏ చోటికి నడినెత్తిన ఉంటాడో చెప్పే పట్టికల పుస్తకం నాటికల్ ఆల్మనాక్. అది ఎదురెదురు పుటల్లో మూడేసి రోజుల వివరాలు ఇస్తుంది కాబట్టి ఈ దారికి కావలసినవి కొద్ది పుటలే. శాస్త్రీయ కాలిక్యులేటర్ ఒకటి, పెన్సిళ్లు, గళ్ల కాగితాలు, గాలికి కాగితం ఎగరకుండా పట్టి ఉంచే అట్ట ఒకటి ఉంటే సామగ్రి పూర్తయినట్టే.

రేవుకు రెండు రోజుల ముందు

ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా సంతృప్తినిచ్చిన రోజు ఇది. ఆకాశంలో మబ్బు తునకలు ఉన్నా దక్షిణం తేటగా ఉంది, దిగంతం కత్తి అంచులా ఉంది. ఉదయం అంచనా వేసిన స్థానాన్ని బట్టి సూర్యుడు మధ్యాహ్న రేఖను (ఆకాశంలో సరిగ్గా ఉత్తర దక్షిణాలుగా ఉండే గీతను) ఓడ గడియారంలో ఒంటిగంటకు మూడు నిమిషాల ముందు దాటాలి. పన్నెండు గంటలకు వెళ్లి ఎదురుచూస్తే గంటసేపు ఊరికే నిలబడవలసి వచ్చేది. అందుకే ఈ లెక్క ఉదయమే చేసుకోవాలి.

పద్ధతి ఇది. మధ్యాహ్నానికి 35 నిమిషాల ముందు సూర్యుడు సమయంలో ఒక్కో నిమిషానికి సుమారు 4 కళల చొప్పున ఎక్కుతూ ఉంటాడు. పరికరాన్ని ముందుగా 60 డిగ్రీల దగ్గర పెట్టి, బింబం కింది అంచు దిగంతాన్ని తాకే క్షణం కోసం వేచి, సమయం నమోదు చేశాను. తరువాత 60 డిగ్రీల 15 కళలు, ఆపైన 60 డిగ్రీల 30 కళలు. సూర్యుడు శిఖరానికి చేరి కొద్దిసేపు కదలనట్టుగా ఉన్నప్పుడు గరిష్ఠ ఎత్తును రాసుకున్నాను. ఆ తరువాత అవే మూడు కోణాలను తిరుగు వరుసలో పెట్టి సూర్యుడు దిగివచ్చే క్షణాలను పట్టుకున్నాను. ఒక్కొక్క జతకు నడిమి సమయం కడితే మూడు సమయాలు వస్తాయి. అవి ఒకదానికొకటి కొద్ది సెకన్లలో ఉంటే కొలత నమ్మదగినది. శిఖరం దగ్గర సూర్యుని కదలిక అతి స్వల్పం కాబట్టి గరిష్ఠ ఎత్తు కనిపించిన క్షణాన్నే మధ్యాహ్నంగా రాసుకోవడం అక్షాంశానికి సరిపోతుంది గాని రేఖాంశానికి పనికిరాదు.

పరికరంపై గరిష్ఠ ఎత్తు 61 డిగ్రీల 14.5 కళలు. సూచిక దోషం 3 కళలు, దిగంతపు జారుడు 7 కళలు తీసివేసి, బింబ వ్యాసార్ధానికి 16 కళలు కలిపి, గాలిలో కాంతి వంగినందుకు అర కళ తగ్గిస్తే అసలు ఎత్తు 61 డిగ్రీల 20 కళలు. దాన్ని 90 నుంచి తీసివేసి, ఆ సమయానికి ఆల్మనాక్ ఇచ్చిన ఉత్తర క్రాంతి (సూర్యుడు భూమధ్యరేఖకు ఉత్తరంగా ఉన్న కోణం) 2 డిగ్రీల 10 కళలను కలిపితే అక్షాంశం 30 డిగ్రీల 50 కళల ఉత్తరం.

రేఖాంశానికి మరొక మెట్టు ఉంది. నిలిచి ఉన్న చోటి నుంచి కొలిస్తే మధ్యాహ్నానికి ముందరి ఎత్తు, తరువాతి ఎత్తు సమానంగా ఉన్న క్షణాల నడిమి సమయమే మధ్యాహ్నం. కానీ ఓడ ఉత్తరానికి జరుగుతూ ఉంటే దక్షిణాన ఉన్న సూర్యుడు క్రమంగా కుంగుతున్నట్టు ఉంటాడు, కనుక నడిమి సమయం అసలు మధ్యాహ్నం కన్నా ముందే వస్తుంది. ఎన్ని సెకన్లు ముందు అన్నది ఇలా తెలుస్తుంది: అక్షాంశపు టాన్ (త్రికోణమితిలోని టాంజెంట్) విలువలోంచి క్రాంతి టాన్ విలువను తీసివేసి, దాన్ని ఓడ ఉత్తరానికి జరిగే వేగంతో నాట్లలో (గంటకు నాటికల్ మైళ్లు) గుణించి, మళ్లీ 15.28తో గుణించాలి. సూర్యుడే గంటకు ఒక కళ చొప్పున ఉత్తరానికి జరుగుతున్న కాలం కాబట్టి ఓడ వేగంలోంచి ఆ ఒక నాట్‌ను ముందే తగ్గించాలి. ఓడ 19 నాట్లతో 73 డిగ్రీల దిక్కుగా (ఉత్తరం సున్నా, తూర్పు 90గా లెక్క) వెళుతున్నది, అందులో ఉత్తర భాగం సుమారు 5.5 నాట్లు, సూర్యుని కదలిక పోగా సుమారు 4.5. లెక్కకు 39 సెకన్లు వచ్చాయి. నడిమి సమయం ప్రామాణిక సమయంలో 20 గంటల 56 నిమిషాల 31 సెకన్లు, సవరించాక 20 గంటల 57 నిమిషాల 10 సెకన్లు. దానికి ఆల్మనాక్ ఇచ్చే రేఖాంశం 132 డిగ్రీల 50 కళల పశ్చిమం. ఈ సవరణను వదిలేస్తే ఓడ ఎనిమిది మైళ్లకు పైగా తూర్పున ఉన్నట్టు తేలుతుంది.

హోనొలులు నుంచి బయలుదేరేటప్పుడు మహావృత్త మార్గం, అంటే భూగోళం మీద అతి దగ్గరి దారి, దాదాపు 62 డిగ్రీల దిక్కుగా మొదలై, కాలిఫోర్నియా దగ్గర 81 డిగ్రీల దాకా తిరుగుతుంది. అందువల్ల ఉత్తరపు వేగం ఆరంభంలో సుమారు 9 నాట్లు ఉంటే చివరికి 3 నాట్లకు తగ్గుతుంది. ఒకే సవరణను అన్ని రోజులకూ వాడకుండా ఏరోజుకారోజు దిక్కును టీవీలోని ఓడ సమాచారం నుంచి తీసుకోవాలి. అదే తెరపై ఉండే స్థానాన్ని మాత్రం నా లెక్క పుస్తకంలో సిరాతో రాసేవరకు చూడను. ఆ తరువాత నా లెక్కను డెక్ మీద ఫోను చూపిన ఉపగ్రహ స్థానంతో పోల్చాను. అక్షాంశంలో ఒక మైలు, రేఖాంశంలో సుమారు మూడు మైళ్ల తేడా వచ్చింది. ప్లాస్టిక్ పరికరానికి, కదిలే డెక్‌కు ఇది మంచి ఫలితమని భావిస్తున్నాను.

మధ్యాహ్నం తరువాత నల్లకాళ్ల ఆల్బట్రాస్ ఒకటి చాలాసేపు ఓడ వెనక వచ్చింది. అవి హవాయి ద్వీపమాలలోని వాయవ్య దీవుల్లో గూళ్లు కట్టి ఆహారం కోసం ఇంత దూరం ఎగిరి వస్తాయి.

చివరి రోజు

ఈ దారిలో ఆఖరి రోజు ఆకాశం మీద ఆశ పెట్టుకోవడం కష్టం. హవాయి దగ్గర 24 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఉండే నీరు కాలిఫోర్నియా చల్లని ప్రవాహంలోకి వచ్చేసరికి 15 ప్రాంతానికి పడిపోతుంది. విడివిడిగా ఉన్న మేఘాలు పల్చని కప్పులాగా కలిసిపోతాయి. ఈ మార్పును పరిశీలించడానికే 2012–13లో లాస్ ఏంజెలిస్, హోనొలులు మధ్య తిరిగే హొరైజన్ స్పిరిట్ అనే సరుకుల ఓడ మీద శాస్త్రవేత్తలు వాతావరణ పరికరాలు అమర్చారు. మధ్యాహ్నం సూర్యుడు అసలు కనిపించలేదు.

అటువంటి రోజుకు ఆధారం అమెరికా ఓడ కెప్టెన్ థామస్ సమ్నర్ కనిపెట్టిన పద్ధతి. 1837 డిసెంబరులో ఐర్లండ్ తీరాన్ని సమీపిస్తూ, మబ్బుల నడుమ ఒక్కసారి కనిపించిన సూర్యుని ఎత్తుతో, ఆ క్షణాన తన ఓడ ఉండగల చోట్లన్నీ ఒకే గీత మీద ఉంటాయని ఆయన గ్రహించాడు. ఒక్క కొలత ఒక స్థానాన్ని ఇవ్వదు గాని ఒక గీతను ఇస్తుంది. మధ్యాహ్నం దాటి మూడు గంటలకు పైగా గడిచాక మబ్బు చీలి బింబపు అంచు కొద్ది నిమిషాలు కనిపించింది. సూర్యుడు అప్పటికి 248 డిగ్రీల దిక్కులో, అంటే దాదాపు ఓడకు సరిగ్గా వెనక ఉన్నాడు కాబట్టి కుడి పక్క డెక్ పనికిరాదు. ఈ కారణంగానే పొద్దుటి నుంచి వెనక డెక్ మీద చోటు చూసుకున్నాను. మూడు కొలతలు దొరికాయి.

నిన్నటి స్థానానికి దూరం, దిక్కు కలిపి వేసిన అంచనా నుంచి ఆ ఎత్తు ఎంత ఉండాలో లెక్కించి, కొలిచిన ఎత్తుతో పోల్చి, వచ్చిన తేడాను మైళ్లుగా సూర్యుని వైపో వెనక్కో జరిపి, అక్కడ సూర్యుని దిక్కుకు లంబంగా గీత గీశాను. ఈ పద్ధతి 1875లో ఫ్రెంచి నౌకాదళ అధికారి మార్క్ సెంట్ ఇలేర్ ప్రకటించినది. గీత 158, 338 డిగ్రీల దిక్కుల్లో, ఇంచుమించు నడిమి కాలిఫోర్నియా తీరానికి సమాంతరంగా పడింది. అంటే తీరం వెంబడి మనం ఎక్కడున్నామో అది చెప్పదు, తీరానికి ఎంత దూరంలో ఉన్నామో చెబుతుంది. నేలను సమీపించే ఓడకు ఆ సాయంత్రం ఎక్కువగా కావలసిన సంగతి అదే. ఉపగ్రహ స్థానం నుంచి గీతకు ఉన్న దూరం నాలుగు మైళ్లకు లోపే ఉంది.

పెట్టెలను చివరి రాత్రి గది బయట ఉంచమని అడుగుతారు. సెక్స్టాంట్, గడియారం, లెక్కల పుస్తకం ఆ పెట్టెల్లోకి వెళ్లకూడదు. అద్దాలు అదిరితే సూచిక దోషం మళ్లీ మొదటినుంచీ చూడవలసి వస్తుంది కనుక వాటిని చేతిసంచిలో బట్టల మధ్య పెట్టుకున్నాను.

తరువాతి సాధన సంధ్యవేళ ధ్రువనక్షత్రం. అది ఆకాశ ధ్రువానికి డిగ్రీలో మూడింట రెండు వంతుల లోపు దూరంలోనే ఉంటుంది కాబట్టి ఆల్మనాక్‌లోని చిన్న సవరణతో అక్షాంశం నేరుగా వస్తుంది. నక్షత్రమూ దిగంతమూ రెండూ కనిపించే వ్యవధి ఈ అక్షాంశాల్లో అరగంట లోపే. నా పరికరపు దుర్భిణికి కాంతి చాలదు. ఎక్కువ కాంతి పట్టే దుర్భిణి బిగించి, కోణాన్ని ముందే అంచనా అక్షాంశం దగ్గర పెట్టి, ఉత్తరపు వైపున, అంటే ఎడమ డెక్ మీద, దీపాలకు దూరంగా నిలబడి ప్రయత్నించాలి.