కిలో రెండొందలు

మామయ్యగారికి హార్ట్ ఫెయిల్యూర్, గుండె బలహీనపడి ఒంట్లో నీరు చేరే జబ్బు. పొద్దున ఆరున్నరకి బరువు మిషనెక్కారు. నిన్నటికంటే కిలో రెండొందలు ఎక్కువ. ఆయనింకా దిగనే లేదు, డాలస్ నుంచి బావగారి ఫోను. వాళ్ళకి రాత్రి ఎనిమిది, తీరిగ్గా తిని కూర్చునే వేళ. "ఏం పెట్టారు నిన్న నాన్నకి?"

పెళ్ళిలో తిన్నారండీ. పులిహోర, గోంగూర, అప్పడాలు. మగవాళ్ళ పంక్తిలోకెళ్ళి నేను కాపలా కూర్చోలేను కదా! ఈ సంగతి రాయడానికి ఆసుపత్రివాళ్ళ యాప్‌లో గడి లేదు. బరువు, బీపీ, పల్స్, ఆక్సిజన్, అంతే. బరువు పెరిగిందన్న ఎర్రగుర్తు మాత్రం క్షణంలో డాలస్ చేరిపోతుంది. ప్యాకేజీ డబ్బులు కట్టించుకున్న ఆసుపత్రి అమ్మాయి పది దాటాక చేస్తుంది, "కాళ్ళవాపు ఉందా మేడమ్?" అని. ఈలోగా కాళ్ళు నొక్కి చూసేది, నీరు పోయే మాత్ర లాసిక్స్ వేసుకున్నారో లేదో అట్ట తిప్పి చూసేది, లీటరున్నర నీళ్ళు సీసాలో కొలిచి పెట్టేది ఎవరు? ఈయన సంగతి మీకు తెలుసు, పేపరు.

కాళ్ళు నొక్కుతుంటే నాయనమ్మ గుర్తొచ్చింది. పడుకుంటే ఊపిరాడక, గోడకి దిండ్లు ఆనించుకుని కూర్చునే నిద్రపోయేది. ఆరెంపీ డాక్టరు వచ్చి మోకాలి కింద బొటనవేలితో నొక్కితే గుంట పడేది. అది పూడేదాకా మేం పిల్లలం అంకెలు లెక్కపెట్టేవాళ్ళం, అదో ఆట మాకు. "నీరు పట్టిందమ్మా" అని ఓ సూదేసి వెళ్ళిపోయేవాడు. వాపు కంటికి కనపడకముందే ఆ నీరు తూకంలో తెలుస్తుందట. మా ఇంట్లో కాటా ఉండేది, మిరపకాయలకి. మనిషిని తూచాలని ఎవరికీ తట్టలేదు.

సరే, రోజూ ఈ తూకాలు పంపడం వల్ల ఒరిగేదేమీ లేదని చూపించి బావగారి నోరు మూయిద్దామని రాత్రి వెతికాను. అమెరికాలోనే 2010లో తేల్చారు, టెలీ-హెచ్ఎఫ్ అని హార్ట్ ఫెయిల్యూర్ రోగుల మీద ఓ పరిశోధన. 1,653 మందిలో సగం మంది రోజూ ఫోన్‌ చేసి బరువు, ఆయాసం ఎలా ఉన్నాయో మిషనుకి చెప్పాలి. ఆర్నెల్లకి చూస్తే ఆసుపత్రి పాలవడంలోనూ చనిపోవడంలోనూ తేడా లేదు. ప్రాణం లేచొచ్చింది నాకు! లింకు పంపబోతూ ఇంకాస్త చదివాను. చివరికొచ్చేసరికి వారానికి కనీసం మూడుసార్లు చేసినవాళ్ళు 55 శాతమేనట. మామయ్యగారైతే ఒక్క పూట మానరు.

తర్వాత 2018లో బెర్లిన్‌లోని షారిటే ఆసుపత్రి వాళ్ళ పరిశోధన కనపడింది. ఇలాగే బరువు, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ రోజూ పంపడమే, కాకపోతే అవతల 24 గంటలూ డాక్టర్లు, నర్సులు ఉంటారు. ఏడాదికి నూటికి 11 చావులయ్యేచోట 8 లోపే అయ్యాయి. లింకు పంపలేదిక. మనకేమో ఎర్రగుర్తు చూసి మాత్ర మార్చగలిగినవాళ్ళు పదిన్నరకి గానీ రారు, ముందే చూసేవారికి మందుల సంగతి తెలీదు.

పన్నెండింటికి డాక్టరుగారు చెప్పారని ఆసుపత్రి అమ్మాయి ఇంకో సగం మాత్ర వేయించింది. సాయంత్రానికి ఆయాసం లేదు, మజ్జిగలో ఉప్పు లేదని నామీద కసిరారు కూడా.

పొద్దున్నే ఫోనెత్తే డాక్టరు ఏ ప్యాకేజీలో ఉన్నాడో కనుక్కోమని రేపు బావగారికే చెప్తాను. అమెరికా నంబరు చూస్తే వీళ్ళు వెంటనే ఎత్తుతారు కూడా.