రాయలచెరువు జనం దగ్గర తొమ్మిది రోజులు: నా అనుభవం

నిన్న రాత్రే ఇంటికొచ్చాను. బురద పట్టిన చీరలు ఇంకా బకెట్లోనే ఉన్నాయి. మనసులో పచ్చిగా ఉండగానే రాసేస్తున్నాను.

2021 నవంబర్ 18న తిరుపతిలో కురిసిన వాన ఈ ఊళ్లో ఎవరూ మర్చిపోరు. మా వీధిలో మోకాళ్ల లోతు నీళ్లు. మాకు నీళ్ల మోటారు, రెండు బస్తాల బియ్యం పోయాయి, అంతే. ఆదివారం, 21న, తిరుపతి దగ్గరి రాయలచెరువు కట్ట లీకవుతోందని, కింద ఊళ్లన్నీ ఖాళీ చేయిస్తున్నారని తెలిసింది. రాయలవారి కాలం నాటి చెరువు అది. కట్ట తెగితే ఏమవుతుందో అనుకుంటేనే ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు.

ఇళ్లు వదిలి వచ్చినవాళ్లకు మాటతో తోడుండే వాలంటీరుగా పేరు ఇవ్వడం సులువే. ఆధార్ కాపీ, ఒక ఫోటో, ఫోన్ నంబరు. మర్నాడు రెండు గంటలు ఫోన్‌లోనే శిక్షణ. ఆపదలో ఉన్నవాళ్ల మనసుకు చేసే ప్రథమ చికిత్స (సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్) అంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన పద్ధతి అది. మూడే మాటలు: చూడు, విను, కలుపు. ఎవరు ఎలా ఉన్నారో ముందు చూడాలి. చెప్పింది వినాలి, చెప్పమని బలవంతం చేయకూడదు. వాళ్లకు కావలసిన మనిషితోనో, సాయంతోనో కలపాలి. ‘మీ బాధ నాకు తెలుసు’ అనకూడదు, చేతకాని మాట ఇవ్వకూడదు. ఇరవై రెండేళ్లు పిల్లలకు పాఠాలు చెప్పిన దాన్ని, ఇంతేనా అనుకున్నాను.

మంగళవారం, ఖాళీ చేయించిన జనాన్ని ఉంచిన శిబిరానికి వెళ్తే, గేటు దగ్గర కుర్చీ వేసుకున్న ఆయన రిజిస్టరులోంచి తల ఎత్తకుండా ‘ఏం తెచ్చారు?’ అన్నాడు. ఏమీ తేలేదండీ, జనంతో మాట్లాడటానికి వచ్చాం అన్నాను. ‘మాట్లాడటానికి ఇక్కడెవరికి తీరిక’ అని పక్కాయనతో నవ్వాడు. గంటన్నర బయటే నిలబెట్టాడు. ఆలోగా పాతిక దుప్పట్లు తెచ్చిన ఒక గుంపు బ్యానరు కట్టుకుని లోపలికి వెళ్లింది. ఒక ముసలావిడ చేతికి దుప్పటి ఇచ్చి, ఫోటో సరిగ్గా రాలేదని వెనక్కి తీసుకుని మళ్లీ ఇచ్చారు. ఇది నా కళ్లతో చూశాను. ఇచ్చే చెయ్యి కనపడాలనుకునే వాళ్లు దయచేసి ఇంటి దగ్గరే ఉండండి.

ఇక అసలు సంగతి.

లోపల గోడకు ఆనుకుని ఒక పెద్దాయన, డెబ్బై దాటి ఉంటాయి, ముందు పెట్టిన అన్నం ముట్టుకోకుండా కూర్చున్నాడు. పక్కన కూర్చుని ‘తినండి పెద్దాయనా’ అన్నాను. ‘నా ఆవు యాడుండాదో తెలీదు పాపా. చూడి ఆవు. ఇయ్యాలో రేపో ఈనేటట్టు ఉండాది. తాడు ఇప్పేసి వచ్చినా. పోలీసులు తిరిగి పోనీలేదు’ అన్నాడు. నేను ఏమన్నానో రాయడానికి ఇప్పటికీ చెయ్యి ఆడటం లేదు. ‘ప్రాణాలు దక్కాయి కదా పెద్దాయనా, ఆవుదేముంది, మళ్లీ కొనుక్కోవచ్చు’ అన్నాను.

ఆయన పళ్లెం పక్కకు నెట్టి లేచాడు. హాలంతా వినపడేట్టు, ‘దానికీ ప్రాణం ఉండాది. నువ్వు కొనిస్తావా? నీకు తెలిసింది చెప్పడానికి వచ్చినావా, నాకు కావాల్సింది అడగడానికి వచ్చినావా?’ అన్నాడు. అందరూ నా వైపే చూశారు. పిల్లలు కూడా. క్షమించండి అనడానికి కూడా గొంతు పెగల్లేదు. బయటికొచ్చి కుళాయి దగ్గర చాలాసేపు ఏడ్చాను. విన్న పాఠం మొత్తం ఒక్క మాటతో మట్టిలో కలిపేశాను.

ఆ సాయంత్రం మళ్లీ ఆయన దగ్గరకే వెళ్లాను. ఇంటికి పోయుంటే ఇంక ఎప్పటికీ వెళ్లేదాన్ని కాదు. ‘ఆవు ఏ రంగు పెద్దాయనా?’ అని అడిగాను. చాలాసేపు పలకలేదు. తర్వాత చెప్పాడు: ఎర్ర జెర్సీ, నుదుటి మీద తెల్ల చుక్క, ఎడమ కొమ్ము విరిగింది. వాళ్ల ఊరి కుర్రాళ్లు కొందరు కట్ట మీద ఇసుక బస్తాలు వేసే పనిలో ఉన్నారని పక్కావిడ చెప్పింది. ఆమె దగ్గర ఒకరి నంబరు దొరికింది. సిగ్నల్ లేదు. రాత్రి పదకొండు వరకు, మళ్లీ తెల్లవారుజామున చేస్తూనే ఉన్నాను. ఉదయం ఎనిమిదికి ఆ అబ్బాయే చేశాడు. ఆవు గుట్ట పక్కన మిట్ట మీద ఉంది. ఈనింది. దూడ బతకలేదు.

చెప్పాలా, దాచాలా? ‘ఆవు బాగుంది’ అని ఊరుకోమంది నాతో వచ్చిన అమ్మాయి. నాకు మనసొప్పలేదు. వెళ్లి, కింద కూర్చుని, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన తువ్వాలు మొహానికి కప్పుకున్నాడు. గంట దాకా ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. నాకు ఆ గంటలోనే అర్థమైంది వినడం అంటే ఏంటో. తర్వాత తువ్వాలు తీసి, ‘ఆవు లేచి నిలబడిందా? జున్నుపాలు పిండకపోతే పొదుగు వాస్తాది. వాడికి చెప్పు పాపా’ అన్నాడు. ఫోన్ ఆయన చేతికే ఇచ్చాను. ఎలా పిండాలో, దాణా ఎక్కడుందో, మాయ పడిందో లేదో చూడమని పది నిమిషాలు చెప్పాడు. ఆ మధ్యాహ్నం రెండు ముద్దలు తిన్నాడు.

జనం ఊళ్లకు తిరిగి వెళ్లాక మేమూ వాళ్ల వెనకే ఆ ఊళ్లు తిరిగాం. నిద్ర పట్టకపోవడం, చినుకు పడితే ఉలిక్కిపడటం మొదటి వారాల్లో చాలామందికి ఉండేదే, మెల్లగా తగ్గుతుంది. చచ్చిపోవాలని ఉందన్నా, రోజుల తరబడి తిండి మానేసినా, పిల్లల్ని పట్టించుకోలేకపోయినా మీ మాటలతో సరిపెట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అలాంటి ఒకావిడని నేనే ఆటో ఎక్కించి తిరుపతి రుయా ఆసుపత్రికి తీసుకెళ్లాను, చీటీ రాయించి మందులు తీసుకునేదాకా కదల్లేదు. ఆ పని చేసినందుకు నాకు గర్వంగా ఉంది.

ఇలాంటి శిబిరాలకు వెళ్లాలనుకునే వాళ్లు రెండు పెన్నులు, ఒక నోటుపుస్తకం, ఫుల్ ఛార్జింగుతో ఫోను తీసుకెళ్లండి. శిబిరంలో అందరూ అడిగేది ఫోనే. గేటు దగ్గర ఎవరేమన్నా వాదించకండి, నిలబడండి.

రేపు మళ్లీ ఆ ఊరికి పోతున్నాను. పెద్దాయన మనవరాలి ఇంటర్ పుస్తకాలన్నీ తడిసి ముద్దయ్యాయట. ఏవేవి కావాలో రాత్రి ఫోన్‌లో రాసుకున్నాను. ఫిజిక్స్, కెమిస్ట్రీ మా వీధిలోనే దొరికాయి, జువాలజీ ఒక్కటే ఇంకా దొరకలేదు.