బెల్లానిది వయసు బాధ కాదు, పళ్ల బాధ

మా ఇంట్లో జెర్బిల్ ఉందంటే మహబూబ్‌నగర్‌లో అందరూ అడిగేది ఒకటే, "ఎలుకనా?" అని. ఎలుకకు చుట్టమే, కానీ దీని తోకకు బొచ్చు ఉంటుంది, వెనక కాళ్ల మీద నిలబడి నాలుగు దిక్కులూ చూస్తుంది, మంగోలియా ఎడారి నేలల జీవి కాబట్టి నీళ్లు చాలా తక్కువ తాగుతుంది. మామూలుగా మూడు నాలుగేళ్లు బతుకుతుంది. మా బెల్లానికి మూడు దాటాయి. రంగు చూసి మా పాప పెట్టిన పేరది. దాంతో కలిసి పెరిగిన మినుము నిరుడు చలికాలంలో పోయింది, తోడు పోతే ఇవి డీలా పడతాయి కాబట్టి బెల్లం కొంచెం మందకొడిగా ఉంటే దిగులేమో అనుకున్నాం.

కానీ చేతిలోకి తీసుకుంటే వెన్నెముక వేలికి తగులుతోంది. బొచ్చు వల్ల పైకి బొద్దుగానే కనిపిస్తుంది, ఇంత చిన్న ప్రాణికి ఐదారు గ్రాములు తగ్గినా మన కంటికి ఆనదు. మా వంటింటి కాటా ఒక్కోసారి ఒక్కో అంకె చూపిస్తుంటే మా వీధిలో బంగారం పని చేసే అవుసలాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన విసుక్కోకుండా చిన్న స్టీలు గిన్నెలో పాత బట్ట వేసి, ఆ బరువు సున్నా చేసి, బెల్లాన్ని అందులో కూర్చోబెట్టి అంకె నిలబడేదాకా ఊపిరి బిగబట్టి చూశాడు. "61 గ్రాములమ్మా. ఆరు తులాలున్నది గంతే." ఆరోగ్యంగా ఉన్నప్పుడు అది 82. అంటే నాలుగో వంతు పోయింది. 60 కిలోల మనిషి 45కి వస్తే ఇంట్లోవాళ్లు ఊరుకుంటారా?

మాకు దగ్గర్లో ఉన్న పశువుల డాక్టర్ గారు "వయసైపోయిందమ్మా, ఇంకేం చేస్తం" అన్నారు. మా అత్తమ్మదీ అదే మాట. నాకు మాత్రం మనసొప్పలేదు, ఎందుకంటే దానికి ఆకలి ఉంది. గిన్నె చప్పుడు వినగానే ఉరికి వచ్చేది. పొద్దుతిరుగుడు గింజను ముందుకాళ్లతో పట్టుకుని నోటి దగ్గర తిప్పి తిప్పి, పొట్టు ఒలవడం చాతకాక వదిలేసి, ఇంకొకటి తీసుకుని దాన్నీ వదిలేసేది. చావుకు దగ్గరైన జీవి తిండి కోసం అంత ఆరాటపడుతుందా?

హైదరాబాద్‌లో ఇలాంటి చిన్న ప్రాణులను చూసే డాక్టరమ్మ ఉన్నారని తెలిసి బస్సెక్కాం. బస్సు కుదుపులకు నీళ్ల సీసా కారి పరుపంతా తడుస్తుంది, తడిస్తే దానికి చలి, అందుకని డబ్బాలో నీళ్ల బదులు కీర ముక్క పెట్టాను. ఆరాంఘర్‌లో దిగేసరికి బెల్లం ముక్కు చుట్టూ ఎర్రగా ఉంది. రక్తమేమో అని నా చేతులు వణికాయి. అది రక్తం కాదని, టెన్షన్ పడినా జబ్బు చేసినా వీటి కంటి వెనక గ్రంథి నుంచి అలా ఎర్రటి తడి వస్తుందని డాక్టరమ్మ చెప్పాక ప్రాణం కుదుటపడింది.

ఆమె పెదవి పక్కకు జరిపి చూపించారు. జెర్బిల్ ముందుపళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, పైవీ కిందివీ ఒకదానితో ఒకటి రాసుకుని అరుగుతాయి. బెల్లానికి పై పన్ను ఒకటి విరిగింది, దాంతో కింది పన్నుకు అరిగే దారి లేక పొడుగ్గా పెరిగి, లోపలికి వంగి, అంగిలికి గుచ్చుకుంటోంది. పుండు పడింది. ఇక ఏం తింటుంది పాపం! మత్తిచ్చి, తిరిగే చిన్న మిషన్‌తో ఆ పన్నును సరిచేశారు. ఇంట్లో గోళ్ల కత్తెరతో మాత్రం ఎవరూ ఈ పని చేయొద్దు, పన్ను నిలువునా చీలిపోతుందట.

అసలు కష్టం ఇంటికొచ్చాక. పుండు మానేదాకా నొప్పి మందు చుక్కలు, సూది తీసేసిన ఒక ఎంఎల్ సిరంజితో కొర్రపిండి జావ. కొర్రలకు, సజ్జలకు మా పాలమూరులో కొదవా? పలుచగా కాచి, గోరువెచ్చగా చేసి, నోటి పక్కనుంచి ఒక్కో చుక్క. అది నాకితేనే ఇంకో చుక్క, తొందరపడి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాత్రి లేచి లేచి పట్టాను. మొదట్లో సగం నా చీరకే అంటేది.

ఒక రాత్రి గూట్లోంచి కరకరమని చప్పుడు. లైటేసి చూస్తే బెల్లం అట్టగొట్టాన్ని కొరుకుతోంది. జబ్బు పడ్డప్పటి నుంచి అట్టముక్క ముట్టలేదు అది. పాపను నిద్రలేపి మరీ చూపించాను.

ఇప్పుడు 74 దగ్గర ఉంది. విరిగిన పన్ను మళ్లీ వచ్చింది కానీ వంకరగా వచ్చింది, కాబట్టి కింది పన్నును అప్పుడప్పుడూ సరిచేయించాల్సిందే. వారం వారం అవుసలాయన దగ్గర తూకం, ఐదు గ్రాములు తగ్గితే వెంటనే ఫోన్ చేయమన్నారు డాక్టరమ్మ. పొద్దుతిరుగుడు గింజల్లో కొవ్వు ఎక్కువ, కాల్షియం తక్కువ, రోజుకు ఒకటి రెండు చాలు అన్నారు. వాటిని అత్తమ్మే ఒలిచి పెడుతోంది, ఎక్కువ పెట్టొద్దంటే "ముసల్దానికి నోరు కట్టేస్తవా?" అని నా మీదికే వస్తోంది.