ఐదో నంబరు కొలిమి దగ్గర

జర్మనీలోని డ్యూయిస్‌బర్గ్ స్టేషన్‌లో మూత్రశాలకు ఒక యూరో తీసుకున్నారు. మన లెక్కలో వంద రూపాయల దాకా. నీళ్ల సీసాకు మూడు యూరోలు. అప్పటికే చిరాకుగా ఉన్నాను. మా అమ్మాయి డ్యూసెల్‌డార్ఫ్‌లో ఉద్యోగం చేస్తోంది. దాని దగ్గరికి వచ్చి నెల రోజులయింది. రైన్ నదిలో పడవ ఎక్కాను, కొలోన్ చర్చి చూశాను, ఆమ్‌స్టర్‌డామ్ కాలువలూ చూశాను. వాటి గురించి రాయాలని మాత్రం అనిపించలేదు.

ఆ ఆదివారం పొద్దున అమ్మాయి "మూతపడిన ఇనుప కర్మాగారం చూపిస్తాను నాన్నా" అంది. "మూతపడిన మిల్లు చూడటానికి ఇంత దూరం రావాలా? మన వరంగల్‌లో లేదా?" అనేశాను. అన్న మరుక్షణం గుర్తొచ్చింది, మన వరంగల్‌లో ఆ మూతపడిన మిల్లు కూడా ఇప్పుడు లేదు.

స్టేషన్ దగ్గర 903 నంబరు ట్రాము ఎక్కాం. మైడెరిక్ వాడలు దాటాక ఇళ్ల కప్పుల వెనక ఒక్కసారిగా పొగగొట్టాలు, గోధుమరంగు ఇనుప పంజరాలు కనిపించాయి. దిగి నాలుగడుగులు వేస్తే లోపలే ఉన్నాం. టికెట్ కౌంటర్ కోసం వెతికాను. కౌంటర్ లేదు. ప్రవేశం ఉచితం, రాత్రీ పగలూ ఎప్పుడైనా రావచ్చునని అమ్మాయి చెప్పింది. పొద్దుటి చిరాకు అక్కడే సగం తగ్గింది.

ఆగస్ట్ థిస్సెన్ 1901లో పునాది వేసిన ఇనుప కర్మాగారం ఇది. యూరప్‌లో ఉక్కు అవసరానికి మించి తయారవుతున్న రోజుల్లో, 1985 ఏప్రిల్‌లో, చివరి కొలిమి చల్లారింది. అంతా పడగొట్టి చదును చేయాలన్న ఆలోచన అప్పట్లో గట్టిగానే ఉండేది. ఊరి జనం ఒప్పుకోలేదు. 1989లో బొగ్గు గనులు, ఇనుప కర్మాగారాలు ఉన్న ఈ రూర్ ప్రాంతమంతటికీ పదేళ్ల పునరుద్ధరణ ప్రణాళిక మొదలైంది. అందులో భాగంగా పీటర్ లాట్జ్ అనే రూపశిల్పి ఈ స్థలాన్ని పార్కుగా మలిచాడు. 1994లో దాన్ని జనానికి తెరిచారు. విస్తీర్ణం దాదాపు 180 హెక్టార్లు, మనకు 440 ఎకరాల పైమాటే.

పార్కు అంటే పచ్చిక, ఫౌంటెన్ ఉంటాయనుకున్నాను. ఇక్కడ తుప్పును కూడా తుడవలేదు. ముడిఖనిజం నింపే కాంక్రీటు గదుల గోడల మీద పిల్లలు తాళ్లు కట్టుకుని కొండలెక్కడం నేర్చుకుంటున్నారు. కొలిమి గ్యాసును నిలవచేసిన పెద్ద గుండ్రటి తొట్టి 45 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాని నిండా నీళ్లు పోశారు. పదమూడు మీటర్ల లోతున అందులో ఈతగాళ్లు మునిగి తేలుతున్నారు. పాత కార్యాలయ భవనం యువజన వసతి గృహమైంది. కార్ఖానాలో పనికొచ్చిన 49 ఇనుప పలకలను నేల మీద చదరంగా పరిచి మధ్యలో మైదానం చేశారు. ఏళ్ల తరబడి మంటకు, వేడికి అరిగిన గుర్తులు వాటి మీద అలాగే ఉన్నాయి. నేను చెప్పులు విప్పి దాని మీద నడిచాను. ఎందుకు విప్పానని అమ్మాయి అడగలేదు.

కాఫీ తాగుదామంటే రెండు కప్పులకు తొమ్మిది యూరోలు అడిగారు. ఒక్క కప్పు కొని ఇద్దరం పంచుకున్నాం.

ఐదో నంబరు కొలిమి, అంటే బ్లాస్ట్ ఫర్నేస్, పైదాకా ఇనుప మెట్లున్నాయి. దాదాపు 70 మీటర్ల ఎత్తు. మోకాళ్లు సహకరించక సగంలో ఆగాను. అక్కడ కమ్మీ పట్టుకుని ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. డెబ్బై ఏళ్లు దాటి ఉంటాయి. అమ్మాయితో జర్మన్‌లో పలకరించి, నన్ను చూసి ఏదో అడిగారు. "మీరు ఇనుము పనిచేసినవాళ్లా అని అడుగుతున్నారు నాన్నా" అంది. కాదు, మా తాతయ్య బట్టల మిల్లులో పనిచేశారని చెప్పించాను. ఆ మాటతో ఆయన మాకు చోటిచ్చి పక్కకు జరిగారు.

ఆయన పదహారో ఏట ఇక్కడ పనికి చేరారట. కరిగిన ఇనుమును బయటికి వదిలే చోట పని. ఆ చోటును కిందికి వేలుపెట్టి చూపించారు. మట్టి బిరడాను తొలిచి దారి తీసేవారట. ఎర్రటి ధార కాలువల్లోకి దూకుతుంటే ముఖం కాలిపోయేదట. "వీపు మాత్రం చలికాలంలో గడ్డకట్టేది" అన్నారు. తిండి తినే మూల ఇప్పుడు కనపడదు, ఒక బిర్చ్ చెట్టు మొలిచి కప్పేసింది. మా విశాఖ ఉక్కు కర్మాగారంలో కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారని చెప్పాను. ఆయన మూడు పేర్లూ పలికి చూసుకున్నారు. "మావి వట్టి అంకెలే" అన్నారు.

ఈ పార్కు మీకు నచ్చిందా అని అడిగించాను. వెంటనే జవాబు రాలేదు. మూతపడ్డాక తనను వేరే కర్మాగారానికి మార్చారు, అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. ఉద్యోగాలు తిరిగి రాలేదు, పార్కులో కాఫీ అమ్మేవాళ్లు ఎంతమందికి పని ఇవ్వగలరు? "కానీ నా మనవడికి నేను ఎక్కడ నిలబడ్డానో చూపించగలను" అన్నారు.

కిందికి దిగాక కాలువ చూపించారు. అది ఎమ్షర్ నది పాత పాయ. ఒకప్పుడు ఊళ్ల మురుగంతా కాంక్రీటు గట్ల మధ్య బాహాటంగా పారేది. కింద బొగ్గు గనులు తవ్వుతుంటే నేల కుంగుతుంది, భూగర్భంలో పైపులు వేస్తే పగిలిపోతాయి. అందుకే ఎమ్షర్ వ్యవస్థనంతా పైనే వదిలేశారు. గనులు ఆగాకే మురుగును నేల కిందికి మళ్లించగలిగారు. ఇప్పుడు పై కాలువలో పారేది కర్మాగారం కప్పుల మీద పడిన వాన నీరు. పాత గోపురం మీద గాలిమర తిరుగుతుంటే ఆ నీరు పైకి ఎక్కి తోటలకు అందుతుంది. విషం పట్టిన మట్టిని లారీలకెత్తి ఇంకో ఊరి మీద పోయలేదు, చాలా వరకు ఇక్కడి పాత తొట్లలోనే పూడ్చి మూసేశారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. ఒక భవనాన్ని కూల్చితే దానిలోని ఇటుక, సిమెంటు, ఇనుము కోసం ఒకసారి కాల్చిన బొగ్గంతా వృథా అవుతుంది, కొత్తది కట్టడానికి మళ్లీ కాల్చాలి. ఉన్నదాన్ని వాడుకోవడమంటే ఏమిటో చదివి కాదు, ఆ కాలువ గట్టున నిలబడి తెలుసుకున్నాను.

మా ఆజంజాహి మిల్లును ఏడో నిజాం తన పెద్ద కొడుకు ఆజంజా పేరున 1934లో పెట్టించాడు. తాతయ్య నేత విభాగంలో చేసేవారు. సైరను మోగితే ఇంట్లో గడియారం అవసరం ఉండేది కాదు. నాయనమ్మ మొదటి సైరనుకు అన్నం వార్చేది, రెండోదానికి డబ్బా చేతికిచ్చేది. సెలవులకు వెళ్లినప్పుడు గేటు ముందు నిలబడితే జుట్టులో, కనుబొమ్మల్లో దూది పోగులతో వందల మంది ఒకేసారి బయటికి వచ్చేవారు. ఆ గుంపులో తాతయ్యను గుర్తుపట్టడం మా పిల్లలకు పెద్ద పందెం. 2002లో మిల్లు మూతపడింది. స్థలం ముక్కలైంది, యంత్రాలు పోయాయి, షెడ్లు పోయాయి. ఇప్పుడక్కడ ప్లాట్లు, రోడ్లు ఉన్నాయి. ఒక్క షెడ్డయినా నిలిపి, అందులో నాలుగు మగ్గాలు, ఒక గ్రంథాలయం పెట్టి ఉంటే ఏమి పోయేది? ఈ కోపం నాకు ఇరవై ఏళ్లుగా ఉంది. ఆ రోజు దానికి ఒక ఆకారం వచ్చింది.

చీకటి పడ్డాక కొలుముల మీద నీలం, ఆకుపచ్చ, ఎరుపు దీపాలు వెలిగాయి. బాగున్నాయి గానీ నేను ఎక్కువసేపు చూడలేదు. పెద్దాయన చేయి కలిపి వెళ్లిపోయారు. అరచేయి ఇంకా గరుకుగానే ఉంది.

తిరుగు ట్రాములో అమ్మాయి "ముత్తాతగారిది ఏ షిఫ్టు?" అని అడిగింది. ఇరవై ఆరేళ్లలో ఈ ప్రశ్న వేయడం ఇదే మొదటిసారి. రెండో షిఫ్టు అని చెప్పాను. సైరన్లు, డబ్బా, దూది, పందెం అన్నీ చెప్పాను. అది ఫోనులో వరంగల్ పటం తెరిచి నా చేతిలో పెట్టింది. "గేటు ఎక్కడుండేదో చూపించు నాన్నా."

వరంగల్ స్టేషన్ దగ్గర వేలు పెట్టి అక్కడినుంచి జరుపుతూ వెతికాను. పటాన్ని పెద్దది చేశాను, ఇంకా పెద్దది చేశాను. ప్లాట్ల మధ్య దారులన్నీ ఒకేలా ఉన్నాయి. మా స్టాపు వచ్చేదాకా వెతుకుతూనే ఉన్నాను.