వింత చెబితే సరిపోదు, ఎలాగో చెప్పాలి

ఆదివారం. ఆరుద్ర కార్తె వచ్చినా చినుకు పడీపడనట్టే ఉంది. సాయంత్రం అలిపిరి వైపు టీకొట్టు దగ్గర నలుగురం కూడాం: కాలేజీలో జువాలజీ చెప్పే మాస్టారు, అటవీశాఖలో పనిచేసే బీటు బావ, రొయ్యల ఎగుమతి పనిమీద ఊళ్ళోకొచ్చిన కాకినాడోడు, నేను. మాటలు వింత జంతువుల మీదికి మళ్ళాయి. నియమం మాస్టారు పెట్టాడు. వింత చెప్పినంత మాత్రాన పాయింటు రాదు, అది ఎలా పనిచేస్తుందో కూడా చెప్పాలి. పొద్దున్నకి సగం మరిచిపోతాను కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా.

మొదలుపెట్టింది కాకినాడోడు. "నలుచదరంగా దొడ్డికెళ్ళే జంతువేదిరా?"

టీ తాగేటప్పుడు అడగాల్సిన ప్రశ్నేనా అని బావ విసుక్కున్నాడు. జవాబు వాంబాట్, ఆస్ట్రేలియాలో బొరియలు తవ్వుకుని గడ్డి మేసే జంతువు. పెంటికలు పాచికల్లా మూలలు తేలి ఉంటాయి. "మరి వెనక ద్వారం కూడా చదరమేనా?" అన్నాను. కాదు, మామూలు గుండ్రమే. అసలు పనంతా పేగు చివరి భాగంలో జరుగుతుంది. అక్కడ పేగు గోడ చుట్టూతా ఒకే తీరుగా ఉండదు. కొన్నిచోట్ల బిగువుగా, కొన్నిచోట్ల వదులుగా ఉంటుంది. కండరం నొక్కినప్పుడల్లా బిగువైన చోట చప్పున కదులుతుంది, వదులుగా ఉన్నచోట నిదానంగా కదులుతుంది. అలా వేలసార్లు నొక్కగా నొక్కగా మూలలు ఏర్పడతాయి. తిన్నది బయటపడడానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. ఈలోగా పేగు నీరంతా పీల్చేస్తుంది కాబట్టి వచ్చిన ఆకారం చెదిరిపోదు. పదార్థం మెత్తగా ఉంటే మూలలు నిలవవు. దీన్ని తేల్చిన బృందానికి 2019లో ఇగ్ నోబెల్ ఇచ్చారు. నవ్వించి, ఆనక ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే బహుమతి అది. కాకినాడోడికి పూర్తి పాయింటు.

మాస్టారు ప్లాటిపస్‌ను దించాడు. గుడ్లు పెడుతుంది, పాలిస్తుంది, బాతు ముక్కు ఉంటుంది... ఇదంతా పిల్లల పుస్తకాల్లోనే ఉంది, అరపాయింటు కూడా ఇవ్వం అన్నాం. అప్పుడు అసలు సంగతులు తీశాడు. నీళ్ళలో మునిగితే అది కళ్ళు, చెవులు, ముక్కు రంధ్రాలు మూడూ మూసేస్తుంది. మరి తిండి ఎలా దొరుకుతుంది? పురుగులు, చిన్న రొయ్యలు కదిలినప్పుడు వాటి కండరాల నుంచి పుట్టే అతి సన్నటి విద్యుత్తును ముక్కు మీది గ్రాహకాలు పసిగడతాయి. అవి దాదాపు 40,000 ఉంటాయి. ఇక దానికి జీర్ణాశయమే లేదు. గొంతు గొట్టం నేరుగా పేగులో కలుస్తుంది. మగదాని వెనక కాలికి విషపు ముల్లు ఉంటుంది. ఆ విషం జతకట్టే కాలంలోనే ఎక్కువగా ఊరుతుంది కాబట్టి, అది వేట కోసం కాదు, సాటి మగవాటితో పోట్లాట కోసమే అయి ఉండాలన్నది మాస్టారి వాదన. 1799లో దీన్ని మొదటిసారి వర్ణించిన జార్జ్ షా, ఎవరైనా బాతు ముక్కు తెచ్చి అతికించారేమోనని అనుమానపడ్డాడు. ఆయన్ని తప్పుపట్టడానికి లేదు.

"చాల్లే, దేశాలన్నీ తిరిగొచ్చారు గానీ ఇంటి వెనకాల ఏముందో చూడరే!" అన్నాడు బావ. రెండు తలల పాము పేరెత్తాడు.

"ఆర్నెల్లు ఒక తలతో, ఆర్నెల్లు ఇంకో తలతో నడుస్తుంది కదా?" అని కాకినాడోడు కావాలనే కవ్వించాడు. బావకి ఒళ్ళు మండింది. తరవాత టీ ఇంకోసారి తెప్పించుకునేంత సేపు మాకు పాఠమే పాఠం. దానికి ఉన్నది ఒక్కటే తల. రెండోది మొద్దుబారిన తోక. ఇసకలో, మెత్తటి మట్టిలో దూరి బతికే పాము కనుక ముక్కు పారలా ఉంటుంది, నోరు కిందివైపుకి ఉంటుంది. తోక సన్నబడకుండా గుండ్రంగా ముగుస్తుంది. భయపడితే తలను చుట్టల కింద దాచేసి తోకను పైకెత్తుతుంది. కొట్టేవాడి దెబ్బ తోక మీద పడుతుంది, తల బతికిపోతుంది. ఏది తలో తెలియాలంటే నాలుక బయటికొచ్చే దాకా ఆగితే చాలు. లేదా కన్ను చూడాలి, చిన్నదే గానీ పాప నిలువు గీతలా ఉంటుంది. విషం లేదు. ఎలుకల్ని చుట్టి బిగించి చంపుతుంది. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది.

మోసం ఎక్కడుందంటే ధరలో ఉంది. బియ్యాన్ని లాగే మహిమగల పాత్ర అని నమ్మించి దోచుకునే రైస్ పుల్లింగ్ బాపతు మనుషులే ఇందులోనూ ఉంటారు. ఇన్ని కిలోలుంటే ఇన్ని లక్షలు, ఇంట్లో పెట్టుకుంటే లక్ష్మి అని చెబుతారు. అందుకే బరువు పెంచడానికి పాము చేత లోహపు గుండ్లు మింగించేవాళ్ళూ ఉన్నారన్నాడు బావ. తోకకి గాట్లు పెట్టి కళ్ళూ నోరూ ఉన్నట్టు చేయడం పాములాడించేవాళ్ళ పాత విద్య. కొన్నా అమ్మినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కేసే. పొలంలో కనబడితే ఏం చేయాలి? ఏమీ చేయనక్కర్లేదు. దాని దారిన దాన్ని పోనిస్తే ఎలుకల మందు ఖర్చు కొంత తగ్గుతుంది. నా లెక్కలో ఈ రోజు గెలిచింది ఇదే, వింత వల్ల కాదు, దాని చుట్టూ అల్లిన అబద్ధం కంటే నిజం బావుంది కనుక.

ఒంటినిండా పొలుసులుండే అలుగు (పాంగోలిన్) దగ్గర మాత్రం నవ్వులాట కాస్త తగ్గింది. పళ్ళుండవు. చీమల్ని, చెదల్ని నాలుకతో లాగి మింగితే, వాటితో పాటు కడుపులోకి పోయిన చిన్న రాళ్ళే వాటిని నూరుతాయి. ఆ నాలుక మొదలు గొంతులో ఉండదు, ఛాతీ లోపల బాగా కింద దాకా పోతుంది. పుట్ట తవ్వేటప్పుడు చీమలు దూరకుండా చెవులు, ముక్కు మూసుకుంటుంది. ముందుకాళ్ళ గోళ్ళు అరిగిపోకుండా లోపలికి మడిచి నడుస్తుంది. ప్రమాదం వస్తే ముడుచుకుని బంతి అయిపోతుంది. చిరుత పళ్ళకి కూడా ఆ పొలుసులు లొంగవు. కానీ మనిషి కొరకడు, ఎత్తి సంచిలో వేసుకుంటాడు. చిరుత నుంచి కాపాడిన ఆ ముడుచుకోవడమే ఇక్కడ దాని కొంప ముంచింది. మందుకు పనికొస్తాయని జనం ఎగబడే ఆ పొలుసులు కెరటిన్, అంటే మన గోళ్ళలో ఉండేదే. "మందు కావాలంటే మంగలిషాపు దగ్గర గోళ్ళ ముక్కలు ఏరుకోమను" అన్నాడు మాస్టారు. అంతర్జాతీయ వ్యాపారాన్ని పూర్తిగా నిషేధించాలని 2016లో సైటీస్ (అడవి జంతువుల, మొక్కల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం) దేశాలు నిర్ణయించాయి. తెచ్చి పెంచుదామన్నా కుదరదు. చీమల తిండికి బదులు ఏది పెట్టినా ఒంటబట్టక చాలా అలుగులు బోనులో ఎక్కువకాలం బతకవు.

దేవాంగపిల్లి గురించి బావ క్లుప్తంగానే చెప్పాడు. అది పిల్లి కాదు, కోతుల వైపు చుట్టం. రాత్రి వెతకాలంటే టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి, తెల్ల వెలుగు పడితే మొహం తిప్పేసుకుంటుంది. కొమ్మల్లో రెండు కళ్ళూ పక్కపక్కనే నిప్పుకణికల్లా ఎదురుగా మెరిస్తే అదే. చేతులకి, కాళ్ళకి తన మూత్రమే పూసుకుంటుంది. కుట్టే పురుగుల్ని పట్టుకునేటప్పుడు మంట పుట్టకుండా అని ఒక ఊహ. దీనికి ముప్పాతిక పాయింటు ఇచ్చాం. కారణం ఊహే కాబట్టి పూర్తిగా ఇవ్వడం న్యాయం కాదన్నాడు మాస్టారు.

చివర్లో కాకినాడోడు మళ్ళీ అందుకున్నాడు. కోరింగ మడ అడవుల్లో, ఆటు సమయంలో బురద మీద గెంతే చేపలు. మొప్పల గదుల్లో కాస్త నీరు నిలవుంచుకుని, తడిసిన చర్మంతోనూ నోటి లోపలి పొరతోనూ ఊపిరి తీస్తాయి. అందుకే ఒళ్ళు ఆరితే చావే. మాటిమాటికీ బురదలో దొర్లేది అందుకే. కళ్ళు నెత్తిమీద ఉంటాయి, ఆరిపోకుండా వాటిని గుంటల్లోకి లాక్కుని తడుపుకుంటాయి. ముందు రెక్కలే చేతికర్రలు.

"గుడ్లు ఎక్కడ పెడతాయి?"

"బొరియలో. లోపల నీళ్ళల్లో గాలుండదు కదా, అందుకని ఒక గది కట్టి దాన్ని గాలితో నింపుతాయి."

"గాలెవరు మోస్తారు?"

"మగచేప. జపాన్ తీరపు జాతిలో పరిశోధకులు చూశారు. నోటినిండా గాలి పుక్కిలించుకుని లోపలికి దూరుతుంది, వదులుతుంది, మళ్ళీ పైకి. పిల్లలు బయటికి రావాల్సిన రాత్రి, పోటు ఎక్కుతుండగా, మోసిన గాలినంతా మళ్ళీ నోటితోనే బయటికి మోసేస్తుంది. గదిలోకి నీళ్ళొస్తేనే గుడ్లు చిట్లుతాయి."

బావ కాసేపు ఏమీ అనలేదు. తరవాత అడిగాడు: "అంతసేపూ ఆడచేప ఎక్కడుందిరా?"

కాకినాడోడికి తెలియదు. మాస్టారు పావు పాయింటు కోసేశాడు.