ఆషాఢంలో మునగాకు రొట్టె

రాత్రంతా కురిసి కురిసి తెల్లవారుజామున కాస్త తెరిపిచ్చింది. ఫిలిప్పీన్స్ రాజధాని మనీలాకి, మా ఇంటికి వచ్చినా అత్తయ్యకు నాలుగింటికే మెలకువ. ఇక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు కదా, ఆ లెక్కన ఆవిడ తణుకు టైములో ఒంటిగంటన్నరకే లేచి కూర్చున్నట్టు.

"ఆషాఢం వచ్చేసిందమ్మాయ్, మునగాకు తినాలి" అంది కాఫీ గ్లాసు కింద పెడుతూ.

ఆషాఢంలో అత్తాకోడళ్లు ఒకే గడప దాటకూడదు అన్నది కూడా ఆవిడ చెప్పిన ముచ్చటే. అది కొత్త కోడళ్ల సంగతి లెండి. మా అమ్మాయే హైస్కూలుకొచ్చింది, ఇంక నన్ను ఏ గడప ఆపుతుంది?

"పప్పు మధ్యాహ్నం చూద్దాం. పొద్దున్నే కావాలంటే నాతో రండి" అని గొడుగు తీశాను.

మేముండేది మనీలాకి ఆనుకునే ఉన్న క్వెజాన్ సిటీలో ఒక పాత వీధి. చివర్న చిన్న బేకరీ ఉంది, ఇక్కడి వాళ్లు పనదెర్యా అంటారు. అద్దాల అలమరా, ముందు చిన్న కిటికీ, లోపల చెమటలు కక్కుతూ ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు. ఐదు కొట్టకముందే జనం. ట్రైసికిల్ డ్రైవర్లు, నైట్ షిఫ్ట్ దిగి మెడలో ఐడీ కార్డులతో నిద్రమొహాలేసుకున్న కాల్ సెంటర్ పిల్లలు, చెప్పులీడ్చుకుంటూ వచ్చే పెద్దవాళ్లు. అందరూ వచ్చేది పాండెసాల్ కోసమే. అరచేతిలో పట్టే మెత్తటి రొట్టె అది. పేరుకు అర్థం 'ఉప్పు రొట్టె' అయినా నాలిక్కి తగిలేది కాస్త తీపే. పైన సన్నటి రొట్టెపొడి అంటుకుని ఉంటుంది. మేం వెళ్లింది దాని చుట్టానికి, మలుంగ్గాయ్ పాండెసాల్‌కి. మలుంగ్గాయ్ అంటే మన మునగే.

అత్తయ్య కిటికీలోంచి మొహం లోపలికి పెట్టేసింది. బల్ల మీద ఒకతను పిండిని బారుగా, లావుపాటి తాడులా చుడుతున్నాడు. దాన్ని రొట్టెపొడిలో ఒకసారి దొర్లించి, వెడల్పాటి రేకు కత్తితో టకటకా ముక్కలు కోశాడు. కొలత లేదు, తూకం లేదు, అన్నీ ఒకటే సైజు. కోసిన వైపు పైకి వచ్చేలా ట్రేలో పేర్చి పక్కన పెడితే, అవి మళ్లీ పొంగాక పొయ్యిలోకి వెళతాయి. పాతకాలపు బేకరీల్లో కట్టెలతో కాల్చే ఇటుకల పొయ్యిలుండేవి. ఇప్పుడూ అక్కడక్కడా ఉన్నాయి కానీ ఈ బేకరీలో మాత్రం గ్యాసే.

ఆవిడకు రెండే అనుమానాలు. గుడ్డు వేస్తారా? ఇంకేమైనా కొవ్వు వేస్తారా? రెండోది అడగాల్సిన ప్రశ్నే. వెనకటికి పాండెసాల్‌లో పంది కొవ్వు వేసేవాళ్లు, ఇప్పటికీ కొన్నిచోట్ల వేస్తారు. శాకాహారులెవరైనా ఈ దేశం వస్తే మొహమాటపడకుండా అడగండి. కౌంటర్లో అతన్ని నేను 'కూయా' అని పిలుస్తాను, ఇక్కడ తనకంటే పెద్దవాణ్ణి అన్నా అన్నట్టు. కూయా డబ్బా తీసి చూపించాడు, మన డాల్డా లాంటి వనస్పతి. గుడ్డు కూడా లేదు. అత్తయ్య తలూపింది. పాస్.

మామూలు పాండెసాల్ మూడు పెసోలు, ఆకు వేసింది ఐదు. మన డబ్బుల్లో ఏడెనిమిది రూపాయలు. ఖాకీ కాయితం సంచీలో వేసిస్తే అది ఇల్లు చేరేలోపే ఆవిరికి మెత్తబడి చెమ్మగిల్లుతుంది.

ఇంటికొచ్చి ఒకటి తుంచాం. లోపల లేతపచ్చ రంగు, మధ్యలో ముదురాకుపచ్చ నలుసులు. వాసన మొదట ఈస్టుది, తర్వాత ఎక్కడో వెనకనుంచి మునగాకుది. చేదు లేదు. ఆకు ఎక్కువైతే చేదొస్తుందనీ, తడి ఆకు వేస్తే పిండి జిగురుగా సాగుతుందనీ కూయా చెప్పాడు. అందుకే కడిగి, ఆరబెట్టి, ఈనెలు లేకుండా దూసి, సన్నగా తరిగి కలుపుతారు. కొన్ని బేకరీల్లో ఎండబెట్టిన పొడి వేస్తారు. దాంతో రొట్టె మొత్తం ఒకే పచ్చగా వస్తుంది, చూడ్డానికి బాగుంటుంది గానీ నాకు తాజా ఆకుదే ఇష్టం. నలుసు పంటికి తగలాలి.

ఇక్కడి వాళ్లు దీన్ని కాఫీలో ముంచుకుని తింటారు, లేదంటే గేదె పాలతో చేసే తెల్ల చీజ్ మధ్యలో పెట్టుకుంటారు. అత్తయ్య వేడివేడి రొట్టెను రెండుగా విప్పి నెయ్యి రాసి, తణుకు నుంచి తెచ్చిన కందిపొడి చల్లింది. "ఊఁ" అంది. ఆవిడ ఊఁ అంటే బాగుందని. మా అమ్మాయి నాలుగు లాగించింది. పప్పులో మునగాకు కనిపిస్తే కంచం చివరికి నెట్టే పిల్ల ఇది! రొట్టెలో పెడితే ఆకుకూర అని గుర్తే రాలేదు. బేకరీల వాళ్ల కిటుకు కూడా అదే అనుకుంటా. ఏ ఇంటికైనా పొద్దున్నే చేరేది రొట్టే కాబట్టి, ఆకును అందులోకి ఎక్కించేశారు.

అసలు రొట్టెలో బలం కలపడం ఈ దేశానికి కొత్త కాదు. 1970లలో అమెరికా సాయంతో బడి పిల్లలకు న్యూట్రిబన్ అని ఒక పెద్ద బన్ను పంచేవారు. పక్కింటి ఆతే (అక్క అని పిలవాలంటే ఇక్కడ ఆతే) చిన్నప్పుడు అది తిన్నదట. గట్టిగా, బరువుగా ఉండేదని నవ్వుతుంది. 2020లో ఇక్కడి ఆహార పోషణ పరిశోధన సంస్థ దాన్నే గుమ్మడికాయ కలిపి మెత్తగా మళ్లీ తీసుకొచ్చింది. గోధుమపిండిలో ఐరన్, విటమిన్ ఎ కలిపి తీరాలని 2000లోనే చట్టం చేశారు. గోధుమలేమో అన్నీ బయటినుంచి రావాల్సిందే, ఎక్కువ భాగం అమెరికా నుంచి. డాలరు పెరిగితే పాండెసాల్ చిక్కిపోతుంది. సైజు తగ్గిందని సణుక్కోని మనిషి మా వీధిలో లేడు.

ఒక్కటి మాత్రం నాకు నచ్చదు. మునగాకును మునగచెట్టెక్కించేస్తున్నారు. క్యారెట్ కంటే ఇన్ని రెట్లు, పాల కంటే అన్ని రెట్లు అని సంచీల మీద కూడా అచ్చేస్తారు. ఆ లెక్కల్లో చాలావాటిలో ఎండబెట్టిన పొడిని పచ్చి క్యారెట్‌తో గ్రాముకు గ్రాము తూచేస్తారు. రోజూ వంద గ్రాముల పొడి ఎవరు మింగుతారు? పైగా కాలిస్తే విటమిన్ సి చాలావరకు పోతుంది. ఒక్కో రొట్టెకు వచ్చేది చిటికెడు ఆకు. మంచిదే, తినండి. మందు మాత్రం కాదు.

మధ్యాహ్నం పప్పుకు ఆకు కావాల్సి వచ్చి పక్కింటికి వెళ్లాం. ఇక్కడ మునగాకు కొనే పరిస్థితి తక్కువ. ఎవరి గేటు పక్కనో చెట్టుంటుంది, అడిగి రెండు రెమ్మలు విరుచుకోవడమే. ఆతే కోడి పులుసులో వేస్తుంది, పెసల కూరలో వేస్తుంది, పిల్లకు పాలిచ్చే కూతురికి సూపు కాచి పోస్తుంది. "మనం బాలింతకి వెల్లుల్లి కారం పెడతాం, వీళ్లు ఇది పెడతారన్నమాట" అంది అత్తయ్య.

ఆకు కోసం ఎప్పటికప్పుడు కొమ్మలు నరికేస్తుంటారు కాబట్టి ఆతే చెట్టుకు కాయలు లేవు. కానీ వెనక బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర ఎవరూ పట్టించుకోని చెట్టొకటుంది. దాన్ని చూసి అత్తయ్య నడిరోడ్డు మీద ఆగిపోయింది. గుత్తులు గుత్తులుగా మునక్కాడలు! సగం ఎండి గోధుమరంగుకు తిరిగాయి.

"అయ్యో, ఎండబెట్టేశారే! మన దగ్గర కట్ట ఎంత పలుకుతుందో తెలుసా వీళ్లకి?"

ఆతేకి ఆ బాధ అర్థం కాలేదు. ఉత్తరాన ఇలోకోస్ వాళ్లు తింటారు, మాకు అలవాటు లేదు అంది. మన ఇళ్లలో సంగతి సరిగ్గా తిరగేస్తే సరి. ఏడాది పొడుగునా కాడల కోసం చెట్టు కిందికి వెళతాం, ఆకు మా వైపు ఆషాఢంలో గుర్తొస్తుంది. ఒకే చెట్టు దగ్గర ఇద్దరికీ పేచీ రానక్కర్లేదు.

ఆతే తమ్ముడు దోటీతో లేత కాడలు కొన్ని దింపాడు. సాయంత్రం టమాటా వేసి కూర చేసి, ఒక గిన్నె ఆతేకి ఇవ్వబోతే ఇక్కడే కూర్చుంటానంది. ముక్క మొత్తం నోట్లో వేసుకుని నములుతోంది, నములుతోంది. పీచు ఎటూ పోవడం లేదు. అత్తయ్యకు ఇంగ్లీషు రాదు, ఆతేకి తెలుగు రాదు. అత్తయ్యే ముక్క తీసుకుని, వేళ్లతో చీల్చి, పళ్లతో గుజ్జు లాగి, పిప్పి కంచం అంచున పెట్టి చూపించింది. రెండో ముక్కకు ఆతేకి పట్టు దొరికింది. మూడోదానికి అన్నం అడిగింది.

కోర్టు దగ్గర చెట్టును ఇకమీదట నరకనివ్వనని వెళ్తూ వెళ్తూ చెప్పింది. అత్తయ్య అయితే రేపటికి కూడా పది రొట్టెలు చెప్పమంది, ఆకు ఎక్కువ ఉన్నవి.